జింకల్ని చూడటానికి వెళ్లిన కార్తీకం

నా క్లాసు ఎప్పుడూ గోలగా ఉండేదని మీలో కొందరు వినే ఉంటారు. నిజమే. ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడల్లా ఆ మాట రాసి వెళ్లేవారు. హెడ్మాస్టర్లు మారారు కాని ఆ రిమార్కు మారలేదు. నేను రిటైరైన రోజున మెడలో దండ వేసినాయన కూడా నవ్వుతూ ఆ సంగతే ఎత్తాడు. సభలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకలా ఉండనిచ్చానో మాత్రం అక్కడ చెప్పలేదు. దండ మెడలో ఉండగా చెప్పే సంగతి కాదది. సుద్దముక్క చేతబట్టి కొత్తగా బడుల్లో చేరుతున్న మీకు చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో జగ్గయ్యపేట హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరాను. అంతకు ముందు నందిగామలో ఉండేవాణ్ని. అక్కడ సాయంత్రమైతే గ్రంథాలయం అరుగు మీద వాదోపవాదాలు. జాతకాలు, శకునాలు, వర్ణాలు, ఆత్మ, పునర్జన్మ, దేన్నీ వదిలేవాళ్లం కాదు. ఎదుటివాడి నోరు మూయిస్తే లోకం ఆ మేరకు ముందుకు జరిగినట్టేనని నమ్మిన వయసు. ఆ నమ్మకాన్ని పెట్టెలో బట్టలతో పాటు సర్దుకుని జగ్గయ్యపేట తెచ్చుకున్నాను.

మా బడిలో ఒక టీచరుగారు ఉండేది. వత్సవాయి అవతల ఒక హరిజన పల్లె ఆమెది. తండ్రి అక్కడి మిషను బడిలో పంతులు. ఊళ్లో అందరూ ఆమెను 'పంతులమ్మగారూ' అని గౌరవంగానే పిలిచేవారు. అద్దెకు గది మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. చర్చి వెనక వంటపాకలో ఉండి బడికి వచ్చేది. గౌరవం నోటితో ఇస్తే సరిపోతుందని మన పెద్దలకు బాగా తెలుసు. నోటికి ఖర్చు లేదు కదా.

ఒక మధ్యాహ్నం ఆమె పిల్లల రీడరు తెచ్చి నా ముందు పెట్టింది. జింక పాఠం. పాఠం పక్కన బొమ్మ ఎక్కడో మంచు దేశంలో బండి లాగే జంతువుది.

"మాస్టారూ, ఇదేనా జింకంటే?" అంది. "మా ఊరి బీట్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయండి. పొద్దున్నే కుంటలో నీళ్లు తాగడానికొస్తాయి. చిన్నప్పుడు బడికి పోతా రోజూ చూసేదాన్ని. ఈ పిల్లల్లో ఒక్కళ్లైనా చూశారా?"

క్లాసులో అడిగాను. ఒకడు సినిమాలో చూశానన్నాడు. ఆడపిల్లల్ని అడిగితే పాలేరు వాగు దాటి అవతలికి వెళ్లినవాళ్లే లేరు.

రెండు రోజుల విహారయాత్ర అనుకున్నాం. వత్సవాయి దాకా ఏదో ఒక బండి మీద వెళ్లడం, ఆమె తండ్రి బడిలో మకాం, సాయంత్రం కుంట మీద పిట్టల్ని చూడటం, తెల్లవారి జింకల్ని చూసి తిరిగి రావడం. మగపిల్లలూ ఆడపిల్లలూ, ఊరి పిల్లలూ పల్లె పిల్లలూ, అందరూ కలిసి. భోజనం ఒకే పంక్తిలో. ఈ చివరి రెండు మాటల దగ్గర ఆమె నా ముఖం చూసి, "అవుతుందంటారా?" అని అడిగింది. ఎందుకు కాదో నాతో వాదించమనండి, అన్నాను.

హెడ్మాస్టరుగారు మంచివాడు. మంచివాళ్ల వల్ల ఈ దేశానికి జరిగిన నష్టం గురించి ఎవరూ పుస్తకం రాయలేదు. ఆయన అంతా విని, "బాగుందయ్యా. ఇది సవ్యంగా జరిగితే ఏటేటా పెట్టుకుందాం. ఆడపిల్లల్నీ తీసుకెళదాం. ఏదన్నా తేడా వచ్చిందా, మళ్లీ నా దగ్గర ఈ మాట ఎత్తొద్దు" అన్నాడు. అంటే ఒక్క ప్రయాణం మీద అన్నేళ్ల ప్రయాణాలు ఆధారపడి ఉన్నాయి. టీచరుగారు ఆ మాటను గుండెలో పెట్టుకుంది. ఆమె క్లాసు ఆడపిల్లలు ఆ రోజు నుంచే పేర్లు ఇవ్వడం మొదలుపెట్టారు.

తర్వాత బడి కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటు పెద్ద రైతు. వత్సవాయి వైపు కూడా ఆయనకు భూములున్నాయి. ఒక లారీ ఉంది. లైసెన్సు తుపాకీ ఉంది.

"జింకల్ని చూట్టానికి బడికి సెలవేంటి మాస్టారూ?" అన్నాడు. "మా జొన్నచేలోకి రండి, రోజూ చూపిస్తా. తినిపోయిన కంకులు కూడా చూపిస్తా."

"ఆడపిల్లల్ని అడివికి తోలడమేంటండీ," అన్నాడు పక్కనున్న బట్టల షాపు ఆసామి. "పైగా పల్లెలో మకామా! రేపు సంబంధాలొస్తే ఏం చెప్పుకుంటారు?"

నేను లేచాను. నందిగామ అరుగు మీద నేర్చిందంతా అక్కడ కుమ్మరించాను. చూసి నేర్చుకోవడమే సైన్సని, బడి అంటే గోడలు కాదని, పల్లెలో నిద్రపోతే పోయే మర్యాద మర్యాదే కాదని చెప్పాను. ఒక్కొక్కరికీ జవాబు చెప్పాను. చివరికి ఎవరూ మాట్లాడలేదు. నెగ్గాననుకుని కూర్చున్నాను.

అప్పుడు ప్రెసిడెంటుగారు వక్కపొడి నోట్లో వేసుకుంటూ, "మాస్టారు బానే మాట్టాడతాడు. సెలవు మాత్రం ఇవ్వకండి" అన్నాడు హెడ్మాస్టరుతో.

కాసేపటికి హెడ్మాస్టరుగారే దారి కనిపెట్టాడు. "వచ్చేది కార్తీకమాసం కదండీ. వనభోజనాలని పెడదాం. పిల్లలు ఓ పూట వనభోజనం చేసి వస్తారు. మాస్టారు దార్లో ఆ జింకలేవో చూపించుకుంటాడు."

అందరి ముఖాలూ విప్పారాయి. ఇంతసేపూ అడివి అన్నవాళ్లకు అది వనమైంది. ఆడపిల్లలు అడివికి పోకూడదు గాని వనానికి పోవచ్చు. ప్రెసిడెంటుగారు లారీ ఇస్తానన్నాడు. వంటాయన్ని పంపుతానన్నాడు. అంతటితో ఆగలేదు.

"నేనూ వస్తా. ఆ బీట్లో తోడేళ్లుంటాయి. తుపాకీ లేకుండా ఆడపిల్లల్ని తీసకపోతే ఎట్టా?"

"తోడేలు మనిషిని చూస్తే పారిపోతుందండీ," అన్నాను.

"నువ్వు ఉపన్యాసం మొదలుపెడితే పారిపోద్ది. ఈలోగా పిల్లల సంగతో?"

గది గదంతా నవ్వింది.

బయటికి వచ్చాక టీచరుగారికి చెప్పి, ఇది మనం అనుకున్న విహారం కాదు, మానేద్దాం అన్నాను. ఉసిరిచెట్టు కింద తింటే పుణ్యమని చెప్పే తంతులోకి సైన్సు మాస్టరు పిల్లల్ని తోలుకుపోవడమేమిటన్నాను.

"పేరు ఏదైతేనేం మాస్టారూ. మా పిల్లలు జింకల్ని చూస్తారు. ఈ ఏడు ఓ పూట, వచ్చే ఏడు రెండు రోజులు. ఒకే పంక్తి అని హెడ్మాస్టరుగారు నాకు మాటిచ్చారు."

ఆ మాట మీద ఆగాను. ఆమె ఆశ ముందు నా వాదం సన్నగా కనిపించింది.

ఒక ఆదివారం నేనూ ఆమే ఆమె తండ్రీ కలిసి ఆ బీడు చూసి వచ్చాం. తండ్రి వెంట లేకపోతే ఊరు మా ఇద్దరికీ ఏ పేరు పెట్టేదో చెప్పనక్కర్లేదు. జొన్నచేలు అయిపోయిన చోట బీడు మొదలవుతుంది. మధ్యలో కుంట. కుంటకు ఇవతల బలుసు పొదలు, రేగు పొదలు వరసగా ఒక గట్టు మీద పెరిగి ఉన్నాయి. పొద్దుటి గాలి కుంట వైపు నుంచి గట్టు వైపు వీస్తుందని పెద్దాయన చెప్పాడు. గట్టు వెనక కూర్చుంటే మన వాసన జింకకు తగలదు. ఇక కావలసింది నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దాన్ని టీచరుగారు పిల్లలకు నేర్పిన తీరు నేను ఎక్కడా చూడలేదు. బడి వరండాలో కూర్చోబెట్టేది. ఆమె అరచెయ్యి ఎత్తితే ఒక్క గొంతు పలకకూడదు, ఒక్క కాలు కదలకూడదు. చెయ్యి దించేదాకా అంతే. తుమ్ము వస్తే ముక్కు ఎలా నొక్కుకోవాలో, చీమ పాకితే ఎలా ఓర్చుకోవాలో చెప్పింది. "చప్పుడు చేశారా, జింక వెళ్లిపోతుంది. మళ్లీ రాదు" అనేది. పిల్లలు దాన్ని ఆటగా పట్టుకున్నారు. ఇళ్లలో కూడా ఆడారు. ఒక తల్లి బడికి వచ్చి, "మా పిల్ల అన్నం దగ్గర ఉలకదు పలకదు. ఏం నోము పట్టించారండీ పంతులమ్మగారూ?" అని అడిగింది. మేమంతా నవ్వుకున్నాం.

ప్రయాణం రోజున చీకటితోనే లారీ వచ్చింది. డ్రైవరు సాయిబు తలకు మఫ్లరు చుట్టుకుని, ఎక్కే ప్రతి పిల్లకీ చెయ్యి అందించాడు. వెనక వంటాయన గిన్నెలు, గంగాళాలు. వాటి మీద ఒక పెద్ద ఉసిరి కొమ్మ. ఇదెందుకని అడిగాను.

"అక్కడ ఉసిరిచెట్టు లేదంట కదండీ. కొమ్మ పాతుకుంటే దోషం లేదు," అన్నాడు వంటాయన.

పచ్చని చెట్టును నరికి, ఆ కొమ్మను బీట్లో పాతి, దాని కింద కూర్చుని ప్రకృతిని పూజించడానికి పోతున్నామన్నమాట. ముందు సీట్లో హెడ్మాస్టరుగారు కూర్చున్నాడు, ఆయన పక్కన ప్రెసిడెంటుగారి మోకాళ్ల మధ్య తుపాకీ నిలబడి ఉంది.

లారీని ఊరి దగ్గరే ఆపించాం. అక్కడి నుంచి నడక. పిల్లలు ముందే నేర్చుకున్నట్టు ఒకరి వెనక ఒకరు అడుగు చప్పుడు లేకుండా నడిచారు. గట్టు వెనక కూర్చున్నారు. ప్రెసిడెంటుగారు వంట దగ్గర ఉంటానన్నాడు. వెలుతురు పడుతోంది. టీచరుగారు అరచెయ్యి ఎత్తింది.

ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అంతమంది పిల్లలు, ఒక్క ఊపిరి వినిపించలేదు. ముందు ఆడజింకలు వచ్చాయి, గోధుమ రంగువి. ఆగి, చూసి, మళ్లీ నడిచి వచ్చాయి. వాటి వెనక కొంచెం ఎడంగా మగజింక. వీపంతా నలుపు, పొట్ట తెలుపు, మెలికలు తిరిగిన కొమ్ములు వీపు మీదికి వాల్చి నడిచింది. తొందర లేదు. ఆ బీడంతా తనదే అన్నట్టు ఉంది. నీళ్ల దగ్గర ఒక పిల్లజింక ఉన్నట్టుండి ఊరికే గాలిలోకి ఎగిరి దూకింది. నా పక్కన కూర్చున్న పిల్లవాడి నోరు తెరుచుకుంది, మాట రాలేదు. టీచరుగారి కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. చెయ్యి మాత్రం ఎత్తే ఉంది.

గట్టు ఆ చివర నుంచి తుపాకీ పేలింది.

మగజింక మోకాళ్ల మీదికి వంగి, పక్కకు ఒరిగింది. మిగతావి ఎటు పోయాయో కనిపించలేదు. ఇంత జరిగినా పిల్లల్లో ఒక్కరు కూడా అరవలేదు. టీచరుగారి చెయ్యి ఇంకా దిగలేదు మరి.

ప్రెసిడెంటుగారు పొదల్లోంచి లేచి నిలబడ్డాడు. "శభాష్! ఏం పిల్లలయ్యా! ఈ జింకలు ఇంత దగ్గిరికి ఎప్పుడూ రానివ్వలేదు నన్ను. గుళ్లో బొమ్మల్లా కూచున్నారు!" అన్నాడు. ఆయన మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాడు.

ఆ చుట్టుపక్కల రైతులు పరుగెత్తుకొచ్చి సంతోషించారు. వాళ్లను నేను తప్పు పట్టను. రాత్రంతా మంచె మీద కావలి కాసేవాడికి జింక అందం కనబడాలనడం నా బోటి జీతగాడి మాట. కాని ప్రెసిడెంటుగారు ఏనాడూ మంచె ఎక్కినవాడు కాదు.

జింకను మోయాలి, తోలు వొలవాలి. పల్లెకు కబురు వెళ్లింది. కత్తులు పట్టుకుని వచ్చిన ఇద్దరిలో ఒకడు మా పిల్లల్లో ఒకమ్మాయి తండ్రి. ఆ పిల్ల వత్సవాయి పల్లె నుంచి వచ్చి చర్చి హాస్టల్లో ఉండి మా బడిలో చదివేది. గట్టు ఆ చివర, తుపాకీకి అందరికంటే దగ్గర్లో కూర్చుంది ఆమే. తండ్రి ఆమెను చూసి, "నువ్వు కూడా వచ్చావా అమ్మా, చూశావా జింకని?" అన్నాడు సంబరంగా. ఆ పిల్ల తల ఊపింది.

మిట్టమధ్యాహ్నానికి వంటాయన ఉసిరి కొమ్మ పాతి పసుపు కుంకుమ పెట్టి విస్తళ్లు వేశాడు. కొమ్మ చుట్టూ ఒక వరస. గట్టుకు అవతల ఇంకో వరస. అవతలి వరస ఎవరికని అడిగాను. ఆయన నా వైపు చూడకుండా హెడ్మాస్టరు వైపు చూశాడు.

"వనభోజనం కదయ్యా," అన్నాడు హెడ్మాస్టరుగారు నెమ్మదిగా. "ఉత్త విహారమైతే ఎట్టా కూర్చున్నా ఎవరూ అడగరు. నైవేద్యం పెట్టాక వంటాయనకీ ఒక పద్ధతి ఉంటుంది. ఒక్క పూటకి సర్దుకోండి."

"మీరు మాటిచ్చారు," అన్నాను.

"ఇచ్చాను. అప్పుడు కొమ్మ లేదు."

చావు వాసన తగులుతున్న చోట పంక్తి మైలపడదు. మాంసం మోసిన చేతులు కావాలి. ఆ చేతుల వాడి కూతురు పక్కన కూర్చుంటే మాత్రం పుణ్యం కరిగిపోతుంది. ఈ మాటలన్నీ అక్కడే అన్నాను. గట్టిగానే అన్నాను. ప్రెసిడెంటుగారు వింటూ పప్పులో నెయ్యి వేయించుకున్నాడు.

టీచరుగారు వాదించలేదు. గట్టు అవతలికి వెళ్లి, అక్కడ కూర్చోబోతున్న పిల్లలతో, "లేవండమ్మా, మా ఇంటికి పోదాం. నాన్న గంజైనా కాస్తాడు" అంది. వాళ్లు లేచారు. ఆమె వెనక వరసగా నడిచారు, పొద్దున వచ్చినట్టే, చప్పుడు లేకుండా. సాయిబు కూడా చేతిలో విస్తరి అక్కడే పెట్టి వాళ్ల వెనక నడిచాడు. నేనూ వెళ్లాను. కొమ్మ చుట్టూ కూర్చున్న పిల్లల్లోంచి ఇద్దరు ముగ్గురు లేవబోతే వంటాయన "కూచోండి, విస్తరి ముందు నుంచి లేవకూడదు" అని గద్దించాడు. వాళ్లు కూర్చున్నారు.

తర్వాత హెడ్మాస్టరుగారిని ఏమండీ ఇది అని నిలదీస్తే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పిల్లలు జింకను చూశారు కదయ్యా! ముట్టుకుని కూడా చూశారు."

ఆ జింక చర్మాన్ని బాగు చేయించి, నందిగామకు ఉపన్యాసాలివ్వడానికి వచ్చిన ఒక స్వామికి ప్రెసిడెంటుగారు సమర్పించాడు. జపానికి కృష్ణాజినం శ్రేష్ఠమట. నేను ఆ సభకు వెళ్లాను. స్వామి దాని మీద కూర్చుని భూతదయ గురించి మాట్లాడాడు. లేచి ప్రశ్న అడిగితే, తాను చంపలేదన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అరుగు మీద వాదాలకు నేను మళ్లీ వెళ్లలేదు.

విహారం ఏటేటా పెట్టుకుందామన్న మాటను మాత్రం హెడ్మాస్టరుగారు నిలబెట్టుకున్నాడు. ప్రతి కార్తీకంలోనూ అదే బీడుకు లారీ వెళ్లేది. కొమ్మ, వంటాయన, తుపాకీ. ఆడపిల్లలు మాత్రం లేరు. అమ్మాయిలుంటే గొడవలొస్తాయని తీర్మానించారట. పల్లె పిల్లలకు ఎవరూ వద్దని చెప్పలేదు, వాళ్లే పేర్లు ఇవ్వడం మానేశారు. కొన్నేళ్లకు అక్కడ జింకలు కూడా లేకుండా పోయాయి. వనభోజనం ఆగలేదు. దానికి జింకలతో పని లేదు.

టీచరుగారు ఆ ఏడాది ఆఖర్లో బదిలీ అడిగి కీసర వైపు ఒక చిన్న బడికి వెళ్లిపోయింది. వెళ్లే రోజున బస్సు దగ్గర, "మీరన్నట్టు అప్పుడే మానేసి ఉండాల్సింది మాస్టారూ" అంది. నేను ఆమె పెట్టె బస్సులోకి అందించాను, అంతే. అంత మాటకారిని.

ఇదంతా జరిగినా నా క్లాసు మామూలుగానే సాగి ఉండేదేమో. వనభోజనం తర్వాతి సోమవారం పాఠం చెప్పబోతే పిల్లలు గోల చేస్తున్నారు. టీచరుగారి పద్ధతి గుర్తొచ్చి అరచెయ్యి ఎత్తాను. చప్పున అందరూ ఆగిపోయారు. ఆ నిశ్శబ్దంలో, గట్టు చివర కూర్చున్న ఆ పల్లె పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. బయటికి తీసుకెళ్లి ఏమిటమ్మా అని అడిగాను.

"ప్రెసిడెంటుగారు పాక్కుంటా రావడం నేను చూశానండి. తుపాకీ పెట్టడం కూడా చూశాను. అరిస్తే జింకలు పారిపోయేయి కదండీ?"

"మరి..."

"టీచర్ చెయ్యెత్తి ఉందండి."

వరండాలోనే నిలబడిపోయాను. లోపల పిల్లలు ఇంకా బిగుసుకుని కూర్చునే ఉన్నారు. నేను చెయ్యి దించానని వాళ్లకు తెలియలేదు. గుమ్మం దగ్గరికి వెళ్లి, మాట్లాడుకోండ్రా అన్నాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాట్లాడండి, అరవండి అన్నాను. చివరికి వెనక బెంచీలో ఎవడో ఒకడు మొదలుపెట్టాడు.

ఆ గోలనే ఇన్‌స్పెక్టర్లు రాసుకుపోయారు.